మూడు అరల వీరగల్లు: ఎక్కడ మొదలుపెట్టి చదవాలి? సున్నం కింద అక్షరాలు ఎలా రాబట్టాలి?

చెరువుకట్ట:
మడకశిర వైపు ఒక చెరువుకట్ట కింద వేపచెట్టు పక్కన ఓ రాయి ఉంది. నేల పైకి కనిపించేది నాలుగడుగులు, వెడల్పు రెండున్నర. మూడు అరలుగా చెక్కారు. కింది అరలో విల్లు ఎక్కుపెట్టిన మనిషి, అతని వెనక వరసగా ఆవులు. మధ్య అరలో అతన్నే ఇద్దరు ఆడవాళ్లు చెరోవైపు పట్టుకుని ఉన్నారు. పై అరలో లింగం, దాని పక్కన కూర్చున్న మనిషి. అన్నిటికీ పైన సూర్యచంద్రులు. అరల మధ్య పట్టీల మీద అక్షరాలున్నాయి గానీ ఏటేటా సున్నం కొట్టడంతో పూడిపోయాయి. ఊళ్లో వీరన్నస్వామి అంటారు, పొంగలి పెడతారు.

ఇది వీరగల్లేనా, అంటే పోరులో పడినవాడి గుర్తుగా నిలిపిన రాయేనా? బొమ్మలు ఏ వరసలో చదవాలి? రాయి పాడవకుండా అక్షరాలు చదివే దారేమిటి? ఇంకో సందేహం కూడా. కావ్యాల్లో చదువుకున్న ధీరోదాత్త నాయకుడికీ ఈ రాతి మీది వీరుడికీ ఏమన్నా చుట్టరికం ఉందా, లేక ఇది పూర్తిగా వేరే లోకమా?

శిలాలేఖ:
మీరు చెప్పిన వివరాలను బట్టి వీరగల్లే, అందులోనూ పశువుల కోసం జరిగిన పోరుది. కింది నుంచి పైకి చదవాలి. పుస్తకంలా పై నుంచి మొదలుపెడితే కథ తలకిందులవుతుంది.

కింది అర చావు సన్నివేశం. అందరికంటే పెద్దగా చెక్కిన మనిషే వీరుడు. అతని ఒంటి మీద బాణాలు దిగి ఉన్నాయేమో, కాళ్ల దగ్గర పడిపోయిన మనుషులున్నారేమో దగ్గరగా చూడండి. ఆవులు ఎటు మొహం పెట్టి ఉన్నాయో కూడా రాసుకోండి. అయితే అవి అతని వెనక ఉన్నంత మాత్రాన కాపాడినవాడని తేల్చేయకూడదు, తోలుకొస్తూ పడినవాడి వెనకా ఉండొచ్చు. ఆ సంగతి శాసనమే చెప్పాలి.

మధ్య అరలో ఉన్నవాళ్లు అప్సరసలు, అతన్ని వీరస్వర్గానికి తీసుకుపోతున్నారు. కొన్ని రాళ్ల మీద విమానం ఉంటుంది, కొన్నిటి మీద చామరాలు ఉంటాయి. ఇలాంటి బొమ్మ చూసి ఇద్దరు భార్యలు అని ఎవరైనా చెప్తే నమ్మకండి. భార్య సహగమనం చేసి ఉంటే గుర్తు వేరు: మోచేతి దగ్గర వంగి పైకి లేచిన ఒక్క చెయ్యి, దానికి గాజులు, చాలాసార్లు వేళ్ల మధ్య నిమ్మకాయ. మీ రాతి పక్కల మీద అది ఉందేమో వెతకండి.

పై అర కైలాసం. లింగం పక్కన కూర్చున్నది ఆ వీరుడే, ఇంకో మనిషి ఉంటే పూజారి. సూర్యచంద్రులు అవి ఉన్నంతకాలం ఈ పేరు నిలవాలని. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. సూర్యచంద్రులు కనిపించగానే వీరగల్లు అనేస్తారు గానీ, దానశాసనాల తలమీద కూడా అవే ఉంటాయి. వాటిలో లింగం, ఆవూదూడా, కత్తి ఉండి, కింద రాయి నిండా రాత ఉంటుంది తప్ప కదనంలో ఉన్న మనిషి ఉండడు. మీ రాతిలో ఆ మనిషి ఉన్నాడు కాబట్టి అనుమానం లేదు.

ఈ మూడు అరలూ ఒక శ్లోకానికి బొమ్మ కట్టినట్టే ఉంటాయి. కన్నడ వీరగల్లుల మీద ఆ శ్లోకం పదేపదే కనిపిస్తుంది: "జితేన లభ్యతే లక్ష్మీః మృతేనాపి సురాంగనా, క్షణవిధ్వంసిని కాయే కా చింతా మరణే రణే". గెలిస్తే సిరి, చస్తే దేవకాంత, క్షణంలో పోయే ఒంటికి యుద్ధంలో చావంటే చింతేమిటి అని. మీ పట్టీల మీద "జితేన" అన్న మూడక్షరాలు దొరికితే మిగతా పాదాలు సులువుగా పట్టేయొచ్చు.

రాత ఎక్కడ మొదలైందో తెలియకపోతే "స్వస్తి" కోసం వెతకండి. రాత కన్నడంలో ఉన్నా ఆశ్చర్యపోవద్దు. హేమావతి రాజధానిగా నొళంబులు ఏలిన సీమ అది. అప్పట్లో తెలుగుకూ కన్నడానికీ లిపి దాదాపు ఒకటే కాబట్టి అక్షరం పట్టుకోవడం కష్టం కాదు, భాష పట్టుకోవడమే కష్టం. చివరి పట్టీ నేలలోకి దిగి ఉండొచ్చు. తవ్వకండి. రాయి ఒరిగితే విరుగుతుంది, చుట్టూ మట్టిలో ఉన్న ఆధారమూ పోతుంది.

లిపిదారి:
సున్నం సంగతి చెప్తాను. ముందు ఊరివాళ్ల ఒప్పుకోలు తీసుకోండి. పూజలో ఉన్న రాయి అది. తరవాత మంచినీళ్లు, మెత్తటి నైలాన్ బ్రష్షు, చెక్కపుల్ల. అంతే. నీళ్లు చల్లి పావుగంట నాననిచ్చి, ఊడివచ్చే పొరను మాత్రమే తీయండి. రానిదాన్ని వదిలేయండి. ఇనుప బ్రష్షు, ఉలి, గరుకు కాగితం దగ్గరికి రానివ్వొద్దు. ఆసిడ్ పోస్తే సున్నం పోతుంది, నిజమే. దానితోపాటు గ్రానైటులో ఉన్న ఇనుము తుప్పుమరకలై పైకి తేలుతుంది, అంచులు గరుకెక్కుతాయి. అక్షరాల్లో సుద్దముక్కతోనో పసుపుతోనో పూసి ఫొటో తీయడం ఇంకా పెద్ద తప్పు. పూసేవాడు తాను అనుకున్న అక్షరాన్నే పూస్తాడు, తరవాత చూసేవాళ్లందరూ ఆ పొరపాటునే చదువుతారు.

అసలు పని వెలుతురుది. ఎండ ఎదురుగా పడితే గీత కనిపించదు, పక్కనుంచి జారాలి. అందుకే పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ వెళ్లండి. ఇంకా మంచిది చీకటి పడ్డాక టార్చి పట్టుకెళ్లడం. ఫోను స్టాండు మీద కదలకుండా పెట్టి, టార్చిని రాతికి దాదాపు ఆనించినట్టు, 10–15 డిగ్రీల వాలులో పట్టుకుని, ఎడమ, కుడి, పైన, కింద, నాలుగు మూలలు, మొత్తం ఎనిమిది ఫొటోలు తీయండి. పై నుంచి వెలుగు పడినప్పుడు మాయమైన నిలువుగీత ఎడమ నుంచో కుడి నుంచో పడితే లేస్తుంది. ఎనిమిదీ పక్కపక్కన పెట్టుకుని చదివితే రాతి పగులు ఏదో, ఉలి గీత ఏదో తేలిపోతుంది. పగులు పట్టీ దాటి బొమ్మలోకి కూడా పాకుతుంది, ఉలి గీత పట్టీ లోపలే ఆగుతుంది.

వీటితోపాటు స్కేలు పెట్టి ఒక నిండు ఫొటో, పక్కలవీ వెనకదీ ఒక్కొక్కటి, ఎత్తు–వెడల్పు–మందం కొలతలు, రాయి ఏ దిక్కు చూస్తోందో, చెరువుకట్టకు ఎంత దూరమో. ఫోనులోనే త్రీడీ నమూనా చేసుకోవాలంటే చుట్టూ తిరుగుతూ ఒక్కో ఫొటో ముందుదానితో మూడింట రెండు వంతులు కలిసేలా 60కి తగ్గకుండా తీయండి.

కాగితం అచ్చు, అదే ఎస్టాంపేజి, చెయ్యి తిరిగినవాళ్లకే వదిలేయండి. తడి కాగితాన్ని రాతి మీద పరచి, బ్రష్షుతో కొట్టి గుంటల్లోకి దింపి, సగం ఆరాక పైపైన సిరా అద్దుతారు. అప్పుడు అక్షరం తెల్లగా, చుట్టూ నలుపుగా వస్తుంది. కాగితం మరీ తడిగా ఉన్నప్పుడు సిరా అద్దితే అది కిందికి ఇంకి రాయే నల్లబడుతుంది. మరీ ఆరాక అద్దితే కాగితం గుంటలోంచి లేచిపోయి అక్షరం అరకొరగా పడుతుంది. ఫొటోలూ కొలతలూ రాష్ట్ర పురావస్తు శాఖకు పంపండి. శాసనం చదివించాలంటే భారత పురావస్తు సర్వేక్షణ వారి శాసన విభాగం మైసూరులో ఉంది. నూరేళ్లు దాటిన శిల్పం 1972 చట్టం కింద పురావస్తువే. ఎవరో గుడి కట్టిస్తామని రాయిని వేరేచోటికి జరపబోతే ఆ మాట గుర్తు చేయండి.

నాయకలక్షణం:
మీ చివరి ప్రశ్న నాకు అన్నిటికంటే ఆసక్తిగా ఉంది. చుట్టరికం ఉంది, కానీ ఒక్కచోట ఇద్దరూ ఎదురుబొదురుగా నిలబడతారు.

కావ్యనాటకాల నియమాలు చెప్పే లక్షణగ్రంథాలు నాయకుణ్ణి నాలుగు రకాలు చేశాయి: ధీరోదాత్తుడు (గంభీరుడు), ధీరోద్ధతుడు (గర్వి), ధీరలలితుడు (విలాసి), ధీరశాంతుడు (నెమ్మదస్తుడు). రాముడు మొదటివాడు, ఉదయనుడు మూడోవాడు, మృచ్ఛకటికంలో చారుదత్తుడు నాలుగోవాడు. మన ఓరుగల్లులో విద్యానాథుడు కాకతీయ ప్రతాపరుద్రుణ్ణే ఉదాహరణగా పెట్టి ప్రతాపరుద్రీయం రాశాడు. కావ్యనాయకుడంటే రాజు, లేదా రాజుకు దగ్గరవాడు, కులీనుడు. ధనంజయుడు రాసిన నాటకలక్షణ గ్రంథం దశరూపకం ఇంకో నియమం పెట్టింది: అధికారి, అంటే ప్రధాన నాయకుడు, రంగం మీద చావకూడదు. భాసుడి ఊరుభంగం దుర్యోధనుణ్ణి మన కళ్లెదుటే చంపుతుంది కాబట్టే అది వింతగా నిలిచిపోయింది.

వీరగల్లు సరిగ్గా దీనికి ఎదురు. పేరు ఎక్కాలంటే సాధారణంగా చావాలి. రాజు కానక్కర్లేదు. పొలిమేర కావలివాడు, పశువుల కాపరి, పులితో పోరాడినవాడు కూడా రాతికి ఎక్కుతారు. కర్ణాటకలో మండ్య దగ్గర ఆతకూరు రాయి పందితో పోరాడి చచ్చిన కాళి అనే వేటకుక్కది. ఇప్పుడది బెంగళూరు మ్యూజియంలో ఉంది. ఏ అలంకారశాస్త్రమూ కుక్కను నాయకుడని ఒప్పుకోదు!

పశువుల పోరు మాత్రం రెండు లోకాలకీ ఉమ్మడి సొత్తు. విరాటపర్వం చూడండి. సుశర్మ దక్షిణాన ఆవుల్ని పట్టి విరాటుణ్ణి అటు లాగుతాడు, మర్నాడు కౌరవులు ఉత్తరాన పడతారు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు ఉత్తరుణ్ణి సారథిగా పెట్టుకుని ఒక్కడే మళ్లిస్తాడు. తమిళ సంగ సాహిత్యం దీన్ని రెండు తిణైలుగానే, అంటే రెండు కవితావస్తువులుగానే విడదీసింది: పశువుల్ని తోలుకుపోవడం వెట్చి, విడిపించడం కరందై. పాత తమిళ వ్యాకరణం తొల్కాప్పియంలో నడుకల్, అంటే వీరుడి కోసం నాటే రాయి, నిలిపే ఆరు మెట్లు ఉన్నాయి. రాయిని చూసి ఎంచుకోవడం, తీసుకురావడం, నీళ్లతో శుద్ధి చేయడం, నాటడం, నైవేద్యాలతో పెద్దగా కొలవడం, కీర్తించడం. సంగ పాటల సంకలనం పురనానూరులో 264వ పాట నెమలిపింఛం చుట్టి పేరు చెక్కి నాటిన రాయిని చూపిస్తుంది. 335వ పాట, శత్రువులకు ఎదురు నిలిచి ఏనుగుల్ని కూల్చి పడినవాడి రాయి తప్ప వడ్లు చల్లి మొక్కదగ్గ దేవుడే లేడంటుంది. మీ ఊరి పొంగలి ఆ వరసలోదే.

తేని జిల్లా పులిమాన్‌కొంబైలో 2006లో దొరికిన తమిళబ్రాహ్మీ (తొలినాటి తమిళ లిపి) రాళ్ల మీద బొమ్మే లేదు, ఒకదాని మీద కూడలూరు పశువుల పోరులో పోయినవాడి పేరు మాత్రం ఉంది. మనవైపు నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు ఛాయాస్తంభాలు, అంటే పోయినవాళ్ల గుర్తుగా నిలిపిన రాళ్లు, ఉన్నాయి. అప్సరసలూ కైలాసమూ వచ్చి చేరింది తరవాతే. మొదట ఉన్నది పేరు.

చెరువుకట్ట:
మూడు సమాధానాలకూ ధన్యవాదాలండీ. కుడి పక్కన గాజుల చెయ్యి లేదు. కింది పట్టీలో సంవత్సరం పేరు చదవగలిగితే ఏ ఏడాదిదో తేలుతుందా? శకాబ్దానికి 78 కలపడమేనా?

శిలాలేఖ:
78 కలపండి, కానీ పేరుతో సరిచూడకుండా నమ్మొద్దు. శక సంఖ్యకు 12 కలిపి 60తో భాగించండి. మిగిలిన సంఖ్య ప్రభవ నుంచి లెక్క. సున్నా మిగిలితే అక్షయ. శక 1100 అయితే 1112, శేషం 32, అంటే విళంబి, క్రీ.శ. 1178. రాతి మీద కూడా విళంబే ఉంటే గడిచిన, అంటే పూర్తయిన, సంవత్సరాల లెక్కన రాశారన్నమాట.

ఒక్కోసారి పేరు ఒకటి వెనక్కి ఉంటుంది. పైన చెప్పిన ఆతకూరు రాతి మీద శక 872, సౌమ్య అని ఉంది. లెక్క వేస్తే శేషం 44, సాధారణ వస్తుంది. సౌమ్య 43వది. అంటే అక్కడ నడుస్తున్న సంవత్సరాన్ని రాశారు, కాబట్టి 77 కలిపి 949–50 అనాలి. తేడా ఒకటి కంటే ఎక్కువ వస్తే అంకె తప్పు చదివినట్టే, మళ్లీ టార్చి పట్టండి. అంకె పోయి పేరు ఒక్కటే చిక్కితే ప్రతి 60 ఏళ్లకూ ఒకటి కుదురుతుంది. అప్పుడు రాజు పేరో, లిపి తీరో తోడు కావాలి. నొళంబ రాజు పేరు పై పట్టీలో "స్వస్తి" తరవాత మొదటి రెండు వరసల్లోనే ఉండే అవకాశం ఎక్కువ, ముందు ఆ పట్టీ ఫొటోలు పెట్టండి.