కెనడా పొలాల్లో ట్రక్ డ్రైవర్ ఉద్యోగం: లక్షలు కట్టి వెళ్లొచ్చా?

లోడ్ మాస్టర్

"కెనడాలో ఫార్మ్ ట్రక్ డ్రైవర్, ఐఈఎల్‌టీఎస్ అక్కర్లేదు, రెండేళ్ల వర్క్ పర్మిట్, ఆపైన పీఆర్ (శాశ్వత నివాసం)" అని వాట్సాప్‌లో ప్రకటనలు తిరుగుతున్నాయి. సస్కచ్వాన్, ఆల్బర్టా వైపు గోధుమ, కనోలా (నూనెగింజ) పొలాల పని. ఏజెంట్లు 18 లక్షల దాకా అడుగుతున్నారు, లారీ అమ్మి కట్టడానికి సిద్ధపడేవాళ్లూ ఉన్నారు. నా వాదన ఇదీ: పదేళ్లు హెవీ నడిపినవాడికి ఇది మంచి దారే, కట్టిన డబ్బు రెండేళ్లలో తిరిగొస్తుంది. కాదనేవాళ్లు లెక్కతో చెప్పండి.

ప్రైరీ తెలుగోడు

డబ్బు లెక్క తర్వాత, ముందు ఉద్యోగం పేరు చూడండి. కెనడా ప్రభుత్వం ప్రతి ఉద్యోగానికీ ఎన్ఓసీ అని ఒక కోడ్ ఇస్తుంది. అందులో "ఫార్మ్ ట్రక్ డ్రైవర్" అని విడిగా లేదు. మీ ఆఫర్ 73300 కింద ఉంటే మీరు రోడ్డు మీద సరుకు తోలే ట్రక్ డ్రైవరు. 84120 కింద ఉంటే పొలం యంత్రాలు నడిపే మనిషి. ట్రాక్టరు, కంబైన్, పొలం నుంచి గాదె దాకా ధాన్యం లారీ, అన్నీ మీవే. కొందరు 85101 అనే కోతకూలీ కోడ్ మీద రప్పించి స్టీరింగ్ చేతికిస్తారు.

పీఆర్ సంగతి ఇక్కడే తేలిపోతుంది. పనికి కావాల్సిన శిక్షణను బట్టి ఇచ్చే టీఈఈఆర్ లెక్కలో 73300ది 3వ స్థాయి, ఆ అనుభవం ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ (పీఆర్‌ ఇచ్చే పాయింట్ల పద్ధతి)లో లెక్కకొస్తుంది. 84120 టీఈఈఆర్ 4, 85101 టీఈఈఆర్ 5. ఈ రెంటిలో ఎన్నేళ్లు చేసినా, అక్కడి అనుభవం మీద పీఆర్ ఇచ్చే కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌కు పనికిరాదు. భార్యకు ఏ యజమాని దగ్గరైనా పనిచేసుకునే ఓపెన్ వర్క్ పర్మిట్ కూడా 2025 జనవరి 21 నుంచి 4, 5 స్థాయిలవాళ్లకు ఆగిపోయింది.

ఏజెంట్లు ఇంకా "అగ్రి-ఫుడ్ పైలట్" అనే పీఆర్ పథకం పేరు వాడుతున్నారు. అది 2020 మేలో మొదలై 2025 ఫిబ్రవరిలో కోటా నిండి మూతపడింది. నడిచిన రోజుల్లో కూడా మాంసం ప్రాసెసింగ్, గ్రీన్‌హౌస్‌లు, పుట్టగొడుగులు, పశుపోషణ వాళ్లకే గానీ గోధుమ పండించే రైతుకు అందులో చోటే లేదు.

ఇక ఎల్ఎంఐఏ. విదేశీ మనిషిని పెట్టుకోవడానికి యజమాని తెచ్చుకునే అనుమతి అది. దానికి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో 50 పాయింట్లు ఉండేవి, అందుకే అమ్ముడుపోయేది. 2025 మార్చి 25 నుంచి ఆ పాయింట్లు తీసేశారు. సరుకు విలువ పడిపోయింది, మన దగ్గర ధర మాత్రం దిగలేదు.

"ఐఈఎల్‌టీఎస్ అక్కర్లేదు" అన్నది వర్క్ పర్మిట్ వరకు కొన్నిసార్లు నిజం. 73300 అనుభవంతో పీఆర్‌కు వెళ్లాలంటే కెనడా భాషా స్థాయి కొలత సీఎల్‌బీ 5 కావాలి. ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో రీడింగ్ 4, మిగతా మూడింటిలో 5.

నిజామాబాద్ డీజిల్

అన్నా, కోడ్ల ముచ్చట సరే గని నువ్వు 84120ని మరీ తీసిపారేస్తున్నవు. పీఆర్ వద్దు, నాలుగు పైసలు ఎనకేసుకొని ఇంటికొస్త అనేటోళ్లకు అదే నయం. అగ్రికల్చర్ స్ట్రీమ్ (పొలం పనోళ్లను తెచ్చుకునే పద్ధతి) కింద తీసుకున్నోళ్లకు రానుపోను టికెట్ యజమాని పెట్టుకోవాలె. ఉండేతందుకు ఇల్లు ఇయ్యాలె, దానికి వారానికి 30 డాలర్ల కంటె ఎక్కువ కోయొద్దు. పొలం పనుల ఎల్ఎంఐఏకు ప్రభుత్వ ఫీజే లేదు. 73300కైతే 1,000 డాలర్లు, అది గూడ యజమానే కట్టాలె, డ్రైవర్ దగ్గర వసూలు చేస్తే తప్పు.

మరి టికెట్ వాళ్లది, ఇల్లు వాళ్లది, ఫీజు సున్నా అయితె ఈ 18 లక్షలు దేనికి? పని చెడ్డదని నేను అంటలేను. పైసలు కట్టుడే చెడ్డది.

సౌదీతోని పోల్చి చూడుండ్రి. మన కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి మజ్రా (ఆడి పొలం) మీదికి డ్రైవర్లు ఎప్పటిసంది పోతున్నరు. రిజిస్టర్డ్ ఏజెంట్ చట్టప్రకారం 30,000 రూపాయలు, మీద 18 శాతం జీఎస్టీ, అంతే తీసుకోవాలె. ఆడ ఇబ్బంది వేరే ఉంది. 2021 మార్చిల సౌదీ కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) మారే సౌలతు తెచ్చింది గని ఇంటి డ్రైవర్లను, తోటమాలీలను, గొర్ల కాపరులను అండ్ల కలపలే. ఇంటి డ్రైవర్ వీసా మీద పోయి మజ్రాల బండి తోలేటోడు రెంటికీ చెడుతడు.

లోడ్ మాస్టర్

నిజామాబాద్ అన్నా, ఏజెంట్ లేకపోతే అక్కడి రైతుకు ఇక్కడి డ్రైవర్ ఎలా దొరుకుతాడు? ఇంకో మాట. మన డ్రైవర్ ఘాట్ రోడ్ల మీద 14 టైర్ల బండి దింపేవాడు. అక్కడ నేలంతా చదును. పని కష్టం అంటే నమ్మను.

గోధుమదారి

నేల చదునే. కష్టం వేరేచోట.

మొదట లైసెన్సు. మన హెవీ లైసెన్సు అక్కడ నేరుగా మారదు. ముందు కారు లైసెన్సు అయిన క్లాస్ 5, తర్వాత మెడికల్, రాతపరీక్ష, ఎయిర్ బ్రేక్ పరీక్ష, మెల్ట్ అనే తప్పనిసరి శిక్షణ, చివర రోడ్డు పరీక్ష. సస్కచ్వాన్‌లో మెల్ట్ 121.5 గంటలు. ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది, అది ఎవరు పెట్టుకుంటారో ఆఫర్‌లో రాసి ఉండాలి. ఈ కట్టుదిట్టం వెనక 2018 ఏప్రిల్ 6 ఉంది. స్టాప్ గుర్తు దగ్గర ఆగని ఒక సెమీ ట్రక్కు, హంబోల్ట్ జూనియర్ హాకీ జట్టు బస్సు ఢీకొని 16 మంది చనిపోయారు. ట్రక్కు డ్రైవర్‌కు ఆ పనిలో కొద్ది వారాల అనుభవమే. లోడు మీద రెపరెపలాడుతున్న టార్పాలిన్ చూసుకుంటూ పోయాడని కోర్టులో తేలింది. మరుసటి ఏడాది మైదానపు ప్రైరీ రాష్ట్రాలన్నీ మెల్ట్ తెచ్చాయి.

జూలైలో దిగినవాడికి ఆగస్టు కోతల్లోపు క్లాస్ 1 (పెద్ద ట్రక్కు లైసెన్సు) చేతికి రావడం కష్టం. అందుకే మొదటి సీజన్లో చాలామందిని గ్రెయిన్ కార్ట్ (గింజ మోసే బండి) లాగే ట్రాక్టరు మీద కూర్చోబెడతారు. కంబైన్ ఆగకుండానే పక్కన నడుస్తూ గింజ పట్టుకుని, గట్టు మీదున్న ట్రక్కులో పోసి మళ్లీ పరుగెత్తాలి. వేగం రెంటికీ ఒకటే ఉండాలి, కాస్త వెనకబడితే గింజ నేలపాలు.

ఇక బండి. సూపర్ బీ అంటే ముందు లాగే ఒక ట్రక్కు, వెనక కింద గేటున్న రెండు హాపర్ ట్రెయిలర్లు, మొత్తం ఎనిమిది ఇరుసులు. మొత్తం బరువు హద్దు 63,500 కిలోలు: ముందు ఇరుసు 5,500, డ్రైవ్ ఇరుసులు 17,000, మధ్య మూడు ఇరుసుల గుంపు 24,000, చివరి రెండు 17,000. మొత్తం సరిపోయినా ఒక గుంపు మీద ఎక్కువ పడితే జరిమానానే. పొలంలో కాటా ఉండదు కదా, సస్పెన్షన్ గాలి గేజీ చూసి అంచనా కట్టాలి. ఒకే ఎత్తు నింపితే కనోలా ఒక బరువు, గోధుమ ఇంకో బరువు తూగుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

రెండు కీళ్లున్న బండిని వెనక్కి నడపడం చాలా కష్టం. యార్డులోకి వెళ్లేముందే బయటికొచ్చే దారి చూసుకోవాలి. హాపర్ గేటు పూర్తిగా తిప్పేస్తే ఆగర్ (గింజ ఎత్తే మర గొట్టం) మింగలేక గింజ కుప్ప పడుతుంది. కనోలా గింజ ఆవగింజంత, గేటు సందులో వెంట్రుకవాసి ఖాళీ ఉన్నా దారి పొడవునా కారుతుంది, అందుకే సందులకు టేపు వేస్తారు. ఆగర్ ఎత్తి ఉంచి జరిపితే కరెంటు తీగలు తగులుతాయి. గేటు తెరిచి ఉండగా హాపర్‌లోకి కాలు పెడితే గింజ లోపలికి లాగేస్తుంది. ఈ రెండూ ప్రాణాలు తీసేవే.

ఇంకొకటి ప్రకటనల్లో రాయరు. కోతల్లో ట్రక్కు తిరిగేది ఎక్కువగా పొలం నుంచి సొంత గాదెల దాకానే. గాదెల్లోంచి, ధాన్యం కొనే గోదాము అయిన ఎలివేటర్‌కు తోలే పని చాలావరకు చలికాలంలో. మైనస్ 30లో రాత్రంతా ఇంజినును వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ ప్లగ్గులో పెట్టకపోతే తెల్లారి ఇంజిను తిరగదు. తడి బ్రేకులతో పార్కింగ్ వేస్తే షూ డ్రమ్ముకు గడ్డకట్టి చక్రం ఈడ్చుకొస్తుంది. ఎయిర్ ట్యాంకుల్లో నీళ్లు రోజూ వదలాలి. ఎలివేటర్ దగ్గర శాంపిల్ తీసి తేమ చూస్తారు. గోధుమకు 14.5 శాతం, కనోలాకు 10 శాతం దాటితే ధర కోస్తారు, లేదా లోడు వెనక్కి పంపుతారు.

సీమ రోడ్లు

భయపెట్టడం ఎక్కువైంది సామీ. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవే. తేమ చూడటం, బరువు అంచనా కట్టడం మన వరి లోడ్ల డ్రైవర్‌కు కొత్తా ఏమన్నా? అసలు తేడా గేరుబాక్సు. మన లారీల్లో గేర్ల స్పీడు తనే కలిపే సింక్రోమెష్ ఉంటాది, అక్కడి పాత ట్రక్కుల్లో 13, 18 స్పీడ్ ఈటన్ ఫుల్లర్ బాక్సులు, సింక్రో ఉండదు. డబుల్ క్లచ్ కొట్టి ఇంజిను స్పీడు కలిపి వేయాల. పాతకాలం లారీ నడిపినోళ్లకు ఆ చెయ్యి ఇంకా ఉంటాది. కుర్రోళ్లు ఆటోమేటిక్ మీద పరీక్ష ఇస్తామంటారు గానీ, కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సు మీద ఆటోమేటిక్ మాత్రమే అని పడతాది. రైతు దగ్గరేమో పాత మాన్యువల్ బండే ఉంటాది.

కాటా చీటీ

లోడ్ మాస్టర్ గారు లెక్క అడిగారు కదా. గంటకు 25 డాలర్లు, డాలర్‌కు 60 రూపాయలు అనుకుందాం. కోతల పది వారాలు వారానికి 70 గంటలు: 17,500 డాలర్లు. మిగతా 42 వారాలు 40 గంటలు: 42,000. మొత్తం 59,500. పన్ను, సీపీపీ (పింఛను), ఈఐ (నిరుద్యోగ బీమా) కోతలు పోగా నెలకు 3,800 చేతికొస్తుంది. తిండి, ఫోను, ఇల్లు, దానికితోడు సెకండ్ హ్యాండ్ కారు, ఇన్సూరెన్సు. పల్లెల్లో బస్సులుండవు కాబట్టి కారు తప్పదు. గట్టిగా పొదుపు చేస్తే 1,800 మిగులుతుంది.

ఇప్పుడు 18 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే మొదటి నెల వడ్డీయే 36,000, అంటే 600 డాలర్లు. మిగిలిందంతా కట్టి నెలనెలా అసలు తగ్గించుకుంటూ పోయినా తీరేసరికి 20 నెలలు దాటుతుంది. అదీ చలికాలంలో వారానికి 40 గంటలు ఖాయంగా ఇస్తేనే. ఇంటికి ఒక్క రూపాయి పంపకుండా. రెండేళ్ల పర్మిట్‌లో సొంతానికి మిగిలేది మూడు నెలల పొదుపు.

పైగా ఆ 70 గంటలకు ఓవర్‌టైమ్ వేసుకోకండి. సస్కచ్వాన్ ఉద్యోగ చట్టంలోని పని గంటలు, ఓవర్‌టైమ్ నియమాలు పొలం పనివాళ్లకు వర్తించవు. రాష్ట్రం దాటి తోలే రవాణా కంపెనీలో అయితే ఫెడరల్ చట్టం, హైవే డ్రైవర్‌కు వారానికి 60 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు. ఒకే స్టీరింగ్, రెండు జీతాలు.

లోడ్ మాస్టర్

లెక్క బాగుంది. వడ్డీ లేకుండా సొంత డబ్బుతో వెళ్లేవాడికి మాత్రం ఇంకా గిట్టుబాటే అంటాను. అమెరికా, ఆస్ట్రేలియా ఎలా మరి?

గోధుమదారి

అమెరికాలో హెచ్-2ఏ, అంటే తాత్కాలిక పొలం పని వీసా. దానికి అర్హత దేశాల జాబితా 2025 జనవరిలో తీసేశారు కాబట్టి మనవాళ్లకూ కాగితం మీద దారి తెరుచుకుంది. ఇల్లు ఉచితం, ఒప్పందంలోని గంటల్లో ముప్పాతికకు జీతం గ్యారంటీ, ఉద్యోగి నుంచి రిక్రూట్‌మెంట్ ఫీజు నిషేధం. కానీ సీజన్ పని, గ్రీన్‌కార్డు దారి కాదు. 2025 ఆగస్టులో కమర్షియల్ ట్రక్ డ్రైవర్ల వర్క్ వీసాలు ఆపేస్తున్నామని విదేశాంగ శాఖ ప్రకటించింది. అదే ఏడాది జూన్ నుంచి రోడ్డు మీద ఇంగ్లిష్ రాని డ్రైవర్‌ను అక్కడికక్కడే దింపేస్తున్నారు. ఇప్పుడు దాని మీద డబ్బు పెట్టడం జూదం.

ఆస్ట్రేలియా 462 (వర్క్ అండ్ హాలిడే) వీసా మనకు 2024లో వచ్చింది. ఏడాదికి 1,000 చోట్లు, లాటరీ, వయసు 18 నుంచి 30, ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ల చదువు. లారీ డ్రైవర్లలో ఎంతమంది మిగులుతారో మీరే చూసుకోండి.

ప్రైరీ తెలుగోడు

సొంత డబ్బయినా కట్టడం గిట్టదు లోడ్ మాస్టర్ గారూ. సస్కచ్వాన్‌లో ఉద్యోగం ఇప్పించినందుకు ఉద్యోగి దగ్గర డబ్బు తీసుకోవడమే చట్టవిరుద్ధం. పైసలు చేతులు మారిన ఆఫర్‌లో జీతమో, పనో కాగితం మీద ఒకటి, పొలంలో ఒకటి ఉంటుంది. దొంగ ఆఫర్‌తో దరఖాస్తు చేశారని తేలితే ఐదేళ్ల నిషేధం మీ పేరు మీద పడుతుంది, ఏజెంట్ మీద కాదు.

రైతుకు మనవాడు ఎలా దొరుకుతాడన్నారు. కెనడా జాబ్ బ్యాంక్‌లో యజమానులు నేరుగా ప్రకటిస్తారు. ఎల్ఎంఐఏ ఆమోదం దొరికిన యజమానుల జాబితా మూడు నెలలకోసారి ప్రభుత్వమే వెబ్‌సైట్‌లో పెడుతుంది, నిబంధనలు తప్పినవాళ్లదీ విడిగా ఉంటుంది. రెండింటిలో పేరు వెతకండి. జవాబులు తక్కువే వస్తాయి, దాచడం ఎందుకు. కోతల కోసం ఫిబ్రవరికల్లా రాయడం మొదలుపెట్టాలి, జూన్‌లో రాస్తే ఆ ఏడాదికి వృథా.

ఆఫర్ వస్తే ఎన్ఓసీ కోడ్, వారానికి కనీస గంటలు, చలికాలం పని, మెల్ట్ ఖర్చు, ఇల్లు, ఈ ఐదూ రాతపూర్వకంగా అడగండి. అడిగితే విసుక్కునే యజమాని దగ్గరికి వెళ్లకపోవడమే మేలు. పర్మిట్ ఆ యజమానికే కట్టేసి ఉంటుంది. అక్కడికెళ్లాక జీతం ఎగ్గొట్టడం, బెదిరించడం జరిగితే 2019 జూన్ నుంచి బాధిత ఉద్యోగులకు ఓపెన్ పర్మిట్ ఉంది. దానికి ఆధారాలు కావాలి కాబట్టి మొదటిరోజు నుంచే గంటలు రాసుకోండి, పే స్టబ్బులు (జీతం చీటీలు) ఫోటో తీసుకోండి.

నిజామాబాద్ డీజిల్

ఇంకోటి. పోయేముందే ఆర్టీఏ ఆఫీసుల లైసెన్స్ రికార్డు నకలు, అంటే డీఎల్ ఎక్స్‌ట్రాక్ట్ తీసుకోండ్రి. లైసెన్స్ మొదట ఎప్పుడిచ్చిన్రు, హెవీ ఎప్పుడు ఎక్కింది, రెండు తారీఖులూ ఉండాలె. స్మార్ట్ కార్డు మీద పాత తారీఖు లేకుంటే ఆడ కొత్త డ్రైవర్ లెక్కనే చూస్తరు, క్లాస్ 5 కాడనే ఆలస్యమైతది. పాస్‌పోర్టుల పేరు, లైసెన్స్‌ల పేరు ఇంటిపేరుతోని సహా ఒక్కతీరుగ ఉన్నయా లేదా ముందుగాల్నే చూసుకోండ్రి.