పఠనావగాహన పరీక్షకు సప్రమాణత, విశ్వసనీయత నిర్ధారించడం ఎలా?

ప్రశ్న (తెలుగు ఉపాధ్యాయిని, హైదరాబాద్):
నేను ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేస్తూ ఎం.ఎడ్. లఘు పరిశోధన చేస్తున్నాను. ఏడో తరగతి పిల్లల కోసం నాలుగు అపరిచిత గద్యాలు, ఒక్కోదానికి ఆరు చొప్పున 24 బహుళైచ్ఛిక ప్రశ్నలతో పఠనావగాహన పరీక్ష తయారుచేశాను. పిల్లలకు దగ్గరగా ఉండాలని ఒక గద్యం చార్మినార్ గురించి, ఇంకొకటి బోనాల గురించి తీసుకున్నాను. సరి, బేసి ప్రశ్నల మార్కులను విడదీసి చూస్తే సహసంబంధ గుణకం (రెండు సగాల మార్కులు ఎంతగా కలిసి నడుస్తాయో చూపే అంకె) 0.60 వచ్చింది. తోటి ఉపాధ్యాయులు ఐదుగురు ప్రశ్నపత్రం చూసి బాగుందన్నారు. విశ్వసనీయతకు, అంటే మార్కులు నిలకడగా వస్తాయనడానికి ఈ అంకె, సప్రమాణతకు, అంటే కొలవాలనుకున్నదాన్నే పరీక్ష కొలుస్తోందనడానికి ఆ మాట సరిపోతాయా?

జవాబు 1 (విశ్రాంత బి.ఎడ్. అధ్యాపకుడు):
అమ్మా, 0.60 అనేది 12 ప్రశ్నల సగం పరీక్షకు సంబంధించిన అంకె. 1910 నాటి స్పియర్‌మన్–బ్రౌన్ సూత్రం ప్రకారం దాన్ని రెట్టింపు చేసి, 1కి 0.60 కలిపిన 1.60తో భాగిస్తే మొత్తం పరీక్షకు 0.75 వస్తుంది. అయితే ఆ అంకెను చూసి అప్పుడే సంతోషించకండి. గద్యం అర్థమైన పిల్లవాడికి దాని కింది ప్రశ్నలు చాలావరకు కలిసే దొరుకుతాయి, అర్థంకానివాడికి కలిసే జారిపోతాయి. సరి-బేసి విభజనలో ప్రతి గద్యం నుంచీ మూడేసి ప్రశ్నలు రెండు వైపులకూ చేరతాయి కాబట్టి విశ్వసనీయత ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. రెండు గద్యాలు ఒక సగంగా, మిగిలిన రెండు ఇంకో సగంగా తీసుకుని మళ్లీ లెక్కించండి. పరీక్షను సగాలు చేయకుండానే విశ్వసనీయతను లెక్కించే 1937 నాటి కూడర్–రిచర్డ్‌సన్ 20వ సూత్రం వాడినా ఈ చిక్కు తప్పదు.

“బాగుంది” అన్న మాట ముఖ సప్రమాణత, అంటే పైకి చూడగానే సరిగ్గా ఉందనిపించడం మాత్రమే. విషయ సప్రమాణత, అంటే కొలవాల్సిన నైపుణ్యాలన్నిటినీ ప్రశ్నలు తగినంతగా తాకడం కావాలంటే, నేరుగా చెప్పిన విషయాన్ని వెతికే ప్రశ్నలెన్ని, ఊహించి గ్రహించవలసినవెన్ని, పదం అర్థాన్ని సందర్భాన్నిబట్టి పట్టుకోవలసినవెన్ని అన్న భారత్వ పట్టిక ముందుగా వారి చేతిలో పెట్టి, ఒక్కో ప్రశ్నా ఆ పనికి అత్యవసరమా కాదా అని విడివిడిగా అడగాలి. ఇలా నిపుణుల అభిప్రాయాలను లెక్కగట్టడానికి 1975లో లాషే అనే పరిశోధకుడు ఇచ్చిన పట్టిక ప్రకారం నిపుణులు ఐదుగురే అయితే ఐదుగురూ అత్యవసరమన్న ప్రశ్నే నిలుస్తుంది. కఠినమే, కానీ మొహమాటపు మెచ్చుకోళ్లకు అదే విరుగుడు.

జవాబు 2 (ప్రాథమికోన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, సికింద్రాబాద్):
మేడమ్, నాకు అంకెలకన్నా మీ గద్యాలే అనుమానంగా ఉన్నాయి. చార్మినార్ 1591లో కట్టారని, బోనాలు ఆషాఢంలో జరుగుతాయని మన పిల్లలకు గద్యం చదవకుండానే తెలుసు. మా సికింద్రాబాద్‌లో జరిగే లష్కర్ బోనాలు చూసే పిల్లను “రంగం” (ఆ జాతరలో భవిష్యవాణి చెప్పే ఘట్టం) అంటే ఏమిటని అడిగితే ఆమె గద్యం వైపు చూడనైనా చూడదు. పనుల కోసం వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కుటుంబంలోని పిల్లవాడు అదే ప్రశ్నకు గద్యమంతా వెతుక్కోవాలి. అప్పుడు మీరు కొలిచేది చదువును కాదు, ఊరి పరిచయాన్ని. పైగా తెలిసినవాళ్లు ఎప్పుడడిగినా తెలిసినట్లే రాస్తారు కాబట్టి విశ్వసనీయత మాత్రం చక్కగా వస్తుంది.

ఈ పరీక్ష రాయని ఇంకో సెక్షన్‌కు గద్యాలు తీసేసి ప్రశ్నలు మాత్రమే ఇచ్చి చూడండి. నాలుగు ఐచ్ఛికాలున్న ప్రశ్నకు 40 మంది గుడ్డిగా రాస్తే సుమారు పదిమందికి సరిపోవాలి. ముప్పైమందికి సరిపోయిందంటే ఆ ప్రశ్న పఠనావగాహనకు పనికిరాదు.

జవాబు 3 (పరిశోధక విద్యార్థిని):
ఒక చిన్న చేర్పు. కొందరు పిల్లలను ఒక్కొక్కరుగా కూర్చోబెట్టి, వేరొక గద్యం చదివించి, సొంత మాటల్లో చెప్పించి, ఆ మార్కులకూ మీ పరీక్ష మార్కులకూ సహసంబంధం చూడండి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లల్లో కొందరు చదివింది అర్థమైనా తెలుగులో చెప్పలేక తడబడతారు. వారిని వారి భాషలోనే చెప్పనివ్వండి. మార్కులు ఇద్దరు విడివిడిగా వేస్తే మంచిది.

ప్రశ్న అడిగినవారు (వారం తర్వాత):
బి సెక్షన్‌కు ప్రశ్నలు మాత్రమే ఇచ్చాను. చార్మినార్ గద్యం కింద ఆరింటిలో నాలుగు ప్రశ్నలకు సగానికి పైగా పిల్లలు సరిగ్గానే రాశారు. పేపర్లు దిద్దుతుంటే నవ్వూ వచ్చింది, దిగులూ వేసింది. గద్యమే మార్చాలా, ప్రశ్నలు మారిస్తే చాలా?

జవాబు 2 రాసినవారు:
గద్యం ఉండనివ్వండి మేడమ్. అందులో చార్మినార్ దగ్గర గాజులు అమ్మే ఒక కల్పిత పాత్రను పెట్టి, ఆమె ఆ రోజు దుకాణం త్వరగా ఎందుకు మూసిందో అడగండి. ఆ జవాబు గద్యంలో తప్ప ఇంకెక్కడా దొరకదు. మార్చిన ప్రశ్నలను మాత్రం ఇంకో సెక్షన్‌కు మళ్లీ గద్యం లేకుండానే ఇచ్చి చూడండి.