కొండ మీద కందకాలు, కింద మా గేదెలు: గెడ్డ నీళ్ల మీద హక్కు ఎవరిది?

సాలకాడ_అబ్బాయి:
మాది విశాఖ శివారు ముడసర్లోవ వైపు, కంబాలకొండ అభయారణ్యం అంచు. పదకొండు గేదెలు, రెండు ఆవులు. తాత కాలం నుంచీ పొద్దున్నే పాలు పితికేసి కొండవారకి తోలుతున్నాం. గెడ్డ (కొండవాగు) మడుగులో తాగి, అందులోనే పొర్లి, మధ్యాహ్నానికి ఇల్లు చేరతాయి. మూడేళ్ల కిందట పైన వాలుకి అడ్డంగా కందకాలు తవ్వారు, గెడ్డకి రెండు రాతికట్టలు కట్టారు, ఊట చుట్టూ కంచె వేశారు.

అబద్ధం ఎందుకు, అప్పటి నుంచి మా నూతిలో ఏప్రిల్లో కూడా నీళ్లుంటున్నాయి. (ఈ మాట నాన్న ముందు అంటే ఆ పూట నాకు అన్నం ఉండదు.) కానీ మడుగు ఫిబ్రవరికే ఎండిపోతోంది. ఎండల్లో పాడి గేదె రోజుకి 50 లీటర్లకి తక్కువ తాగదు. పొర్లడానికి నీళ్లు లేకపోతే సాయంత్రం పాలు సగం. నాన్న "అరవై ఏళ్ల హక్కు, కోర్టుకి పోదాం" అంటున్నాడు. నాకు గెలుపుతో పనిలేదు, నీళ్లు కావాలి. ఏటి చెయ్యమంటారు?

పాత_ప్లీడరు:
బాబూ, నాన్నగారిది ఉత్త మొండితనం కాదు. 1882 ఈజ్‌మెంట్ల చట్టం (ఇతరుల భూమిని వాడుకునే హక్కుల చట్టం) సెక్షన్ 15 నీటి వాడకానికీ వర్తిస్తుంది. హక్కు రావాలంటే ప్రభుత్వ భూమైతే 20 ఏళ్ల వాడకం చాలదు, 30 కావాలి. మీకు అరవై ఉన్నాయి. చిక్కల్లా, ఆ వాడకం దావా వేసే ముందు రెండేళ్ల లోపు వరకూ సాగుతూ ఉండాలి. కంచె పడి మూడేళ్లంటున్నారు. ఆ తలుపు మూసుకున్నట్టే. పైగా సహజంగా పారే నీళ్లని నిలిపి పంచే అధికారాన్ని అదే చట్టం సెక్షన్ 2 సర్కారుకి వదిలేసింది.

మడుగు అభయారణ్యం హద్దుకి లోపలా, బయటా? ముందు అది తేల్చుకోండి. లోపలైతే 1972 వన్యప్రాణి చట్టం. సెక్షన్ 29 కింద అనుమతి లేకుండా నీటిని మళ్లించడం నేరం, కాబట్టి రాత్రిపూట పైపు వేద్దామనే ఆలోచన మానండి. మేపు సంగతి సెక్షన్ 33లో ఉంది. పశువులకి టీకాలు తప్పనిసరి, ఆ కార్డులు దాచుకోండి. పంచగ్రామాల గొడవ (సింహాచలం దేవస్థానం భూముల తగాదా) మాత్రం ఇందులోకి లాగకండి, మన మనవల పెళ్లిళ్లు అయిపోతాయి.

ఖోండలైట్_అక్క:
తమ్ముడూ, నీ నూతికీ నీ మడుగుకీ నీళ్లు ఒకచోటివే. మన కొండలు ఖోండలైట్ రాయి. కుళ్లిన రాయిలోకి వాన ఇంకితే నెమ్మదిగా కింద ఊటై తేలుతుంది. కందకాలు లేనప్పుడు ఆ వాన గంటలో గెడ్డలోకి దూకి మీ మడుగు నింపేది. ఇప్పుడు ఇంకుతోంది, నూతికి చేరుతోంది. ఊట దగ్గర పదమూడు జతల గిట్టలు (సరే, నాలుగేసి లెక్కన ఇరవై ఆరు జతలు) రోజూ తొక్కితే నేల గట్టిపడి నీళ్లు ఇంకవు. పేడ వెళ్లేది ముడసర్లోవ జలాశయంలోకి, అంటే ఊరు తాగే నీళ్లలోకి.

అయినా ఖర్చు నీ నెత్తినే పడాలని లేదు. న్యూయార్క్ నగరానికి నీళ్లిచ్చే క్యాట్‌స్కిల్ కొండల్లో 1997లో ఒప్పందం చేసుకున్నారు. పాడి రైతుల్ని వెళ్లగొట్టలేదు. వాగు గట్టున కంచె, పశువులకి దూరంగా తొట్టెలు, డబ్బులో పెద్ద భాగం నగరానిది. పెద్ద వడపోత కేంద్రం కట్టడం కంటే అదే చవకని లెక్కేసుకున్నారు. నువ్వూ అదే అడుగు: కింది రాతికట్ట నుంచి వాలులోనే దిగే పైపు, హద్దు బయట సిమెంటు తొట్టె, పొంగినవి తిరిగి గెడ్డలోకి. అర్జీ మీద మీ ఊళ్లో పాడి ఉన్న ఇళ్లన్నీ సంతకం పెట్టాలి.

సాలకాడ_అబ్బాయి:
నిన్న సాయంత్రం నాన్నని తీసుకెళ్లి హద్దురాయి వెతికాను. మడుగు ముప్పై అడుగులు లోపలే ఉంది. నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అర్జీ చదివించుకుని ఒకటే అడిగాడు: "ఆ తొట్టె ఎంత? తాగడానికేనా, పొర్లడానికి కూడానా?"

అక్కా, పొర్లే తొట్టెకి ఎంత లోతు కావాలి?