ఇంప్లాంట్ ఆపరేషన్‌కి ముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

రాయగడ నుంచి: క్యాన్సర్ వల్ల మా అక్కకి ఒక రొమ్ము తీసేశారు, ఇప్పుడు దాని స్థానంలో ఇంప్లాంట్, అంటే కృత్రిమ రొమ్ము, పెట్టడానికి విశాఖపట్నం రమ్మన్నారు. ఇంటికొచ్చాక చూసుకోవాల్సింది నేనే, చాలా టెన్షన్‌గా ఉంది. అనుభవమున్నవాళ్ళు చెప్పండి.

పర్లాకిమిడి నుంచి: ముందు గుండీలున్న నైటీలు పట్టుకెళ్ళు చెల్లీ, చెయ్యి పైకెత్తి తొడుక్కునేవి అస్సలు వద్దు. గాయం లోపల చేరే నీరు బయటికి రావడానికి పక్కనుంచి సన్న గొట్టం, చివర చిన్న డబ్బా పెడతారు, డ్రెయిన్ అంటారు; అందులో పడింది ఎన్ని ఎం.ఎల్. అని రోజూ రాసిపెట్టు, అది బాగా తగ్గాకే తీస్తారు. మొదట ఎర్రగా ఉండి మెల్లగా లేత పసుపులోకి వస్తుంది, కంగారుపడకు.

బరంపురం నుంచి: గుడాఖు (పళ్ళకి రుద్దుకునే పొగాకు ముద్ద), గుట్కా అలవాటుంటే కొన్ని వారాల ముందే మాన్పించండి, పొగాకులోని నికోటిన్ రక్తప్రసరణ తగ్గించి గాయాన్ని మాననివ్వదు, ఇది డాక్టరు దగ్గర దాచొద్దు. ఆస్పిరిన్, ఆకుమందులు ఏం వాడుతున్నా చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి.

రాయగడ నుంచి: ఇంటికొచ్చాక పనులు చేయొచ్చా అక్కా?

పర్లాకిమిడి నుంచి: నీళ్ళ బిందె, చంటిపిల్లలు, ఏవీ ఎత్తనివ్వకు, డాక్టరు సరేననేదాకా. వెల్లకిలా, తల కింద ఎత్తు పెట్టి పడుకోబెట్టు. జ్వరమొచ్చినా, ఆ వైపు ఉన్నట్టుండి వాచినా, ఎర్రబడినా అర్ధరాత్రైనా ఫోన్ చెయ్యి.