అప్‌డేట్: తమ్ముడి ఒంటి మీద మచ్చలు తామర కాదు, పిటిరియాసిస్ రోజియా

పొట్ట మీద గుండ్రటి ఎర్ర మచ్చ ఒకటి, వారం పైన అయ్యాక వీపంతా చిన్నచిన్నవి వచ్చాయి అని మా తమ్ముడి గురించి ఇక్కడ అడిగాను కదా, మొత్తానికి తేలింది: అది తామర కాదు, పిటిరియాసిస్ రోజియా అనే, దానంతటదే తగ్గిపోయే చర్మపు మచ్చల జబ్బు. రిప్లై ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్, ముఖ్యంగా "టార్చ్ వేసి పొట్టు (మచ్చ మీద లేచే ఎండు చర్మం) ఎక్కడుందో చూడండి" అన్నవాళ్ళకి. స్కిన్ డాక్టర్ కూడా ముందు అదే చూశారు. తామరకి పొట్టు మచ్చ అంచు మీదే ఉంటుందట, వీడికి అంచుకి కాస్త లోపలగా సన్నటి పొర రింగులా ఉంది, దాని విడిన కొస మధ్యకి తిరిగి ఉంది. వీపు మీద మచ్చలన్నీ పక్కటెముకల వాలులో, క్రిస్మస్ చెట్టు కొమ్మల్లా దిగాయి.

అయినా పొట్టు గీకి పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి మైక్రోస్కోప్‌లో చూశారు, తామర తెచ్చే ఫంగస్ లేదు. సిఫిలిస్ అనే సుఖవ్యాధి కూడా ఇలాగే కనిపించొచ్చని దానికి చేసే వీడీఆర్ఎల్ రక్త పరీక్ష చేయించారు, నెగెటివ్.

ఈ జబ్బు ఒంట్లో ఎప్పట్నుంచో నిద్రపోతున్న హెర్పిస్ 6, 7 రకం వైరస్‌లు మళ్ళీ లేవడం వల్ల అనుకుంటారట, మామూలుగా 6 నుంచి 8 వారాల్లో దానంతటదే పోతుంది. దురదకి సిట్రిజిన్, మాయిశ్చరైజర్ ఇచ్చారంతే. వంకాయ మానడం, సబ్బు మార్చడం, వేపాకు నీళ్ళతో స్నానం లాంటి సలహాలకీ దీనికీ సంబంధం లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ కలిసిన ఫంగస్ క్రీమ్ ఆపేయమన్నారు, నిజంగా తామరైతే అది ఇంకా ముదిరేదట.

ఇప్పుడు ఎరుపు పోయింది, గోధుమ రంగు మరకలున్నాయి, అవి పోవడానికి నెలలు పట్టొచ్చన్నారు. గర్భిణీలకి ఇలా వస్తే మాత్రం ఆగకుండా డాక్టర్‌కి చూపించండి.