“నిఘాపై నిఘా” అనవచ్చా?

నల్లకుంట నుంచి:
గూఢచార సంస్థలను చట్టం పరిధిలోకి తేవడం గురించి ఒక పత్రికకు వ్యాసం రాస్తున్నాను. బ్రిటన్ 1989లో దేశంలోపలి గూఢచారి సంస్థ ఎంఐ5కు, 1994లో విదేశీ గూఢచారి సంస్థ ఎంఐ6, సందేశాలను చాటుగా వినే సంస్థ జీసీహెచ్‌క్యూలకు చట్టాలు చేసింది. వాటి పనితీరును చూసేందుకు పార్లమెంటు సభ్యుల కమిటీని ఏర్పాటు చేసింది కూడా ఆ 1994 చట్టమే. ఆ కమిటీ పనిని “నిఘాపై నిఘా” అనవచ్చా? శీర్షికగా బాగుంటుందనిపిస్తోంది.

చిక్కడపల్లి నుంచి:
చెవికింపుగానే ఉంది, కానీ వద్దండి. నిఘా అంటే ఎదుటివారికి తెలియకుండా కనిపెట్టడం. ఆ కమిటీ అధికారులను పిలిచి అడుగుతుంది, నివేదిక ఇస్తుంది. అది పర్యవేక్షణ.

మలక్‌పేట నుంచి:
మన కూడళ్లలో సీసీ కెమెరాల నిఘా అందరికీ తెలిసేదే కదా! రహస్యం ఒక్కటే గీటురాయి కాదు. ఉర్దూలో నిగాహ్ అంటే చూపు, నిగరానీ అంటే బాధ్యతతో చూసుకోవడం కూడా. తెలుగులో నిఘాకు అనుమానమే అంటుకుంది, బాధ్యత రాలేదు. నిఘాలో ఉన్నవారిని ఎవరూ సంజాయిషీ అడగరు. పర్యవేక్షణలో ఉన్నవారు జవాబు చెప్పుకోవాలి. అసలు తేడా అదే.

చిక్కడపల్లి నుంచి:
ఒప్పుకుంటాను. అయితే పర్యవేక్షణ అనే మాటను కూడా ఆచితూచి వాడాలి. బ్రిటన్‌లో 2016 చట్టం తర్వాత, ఫోన్లు వినేందుకు మంత్రి అనుమతిస్తే సరిపోదు, అత్యవసరమైతే తప్ప ముందుగా న్యాయ కమిషనర్ (న్యాయమూర్తిగా పనిచేసినవారు) ఆమోదమూ కావాలి. మన దగ్గర? కేంద్రంలో అనుమతి ఇచ్చేది హోం కార్యదర్శి, ఆ ఉత్తర్వును తర్వాత చూసేది కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన ఉండే కమిటీ. రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి కమిటీ. న్యాయమూర్తి లేరు, ఎంపీ లేరు, అందరూ ప్రభుత్వాధికారులే! దానికి “సమీక్ష” చాలు, అంతకు మించిన గౌరవం ఇవ్వకండి. 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్‌లో ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదైన ఊళ్లో ఉంటూ ఈ మాటల దగ్గర ఉదాసీనంగా ఉండలేం.

నల్లకుంట నుంచి:
సరే, శీర్షిక “నిఘా సంస్థలను అడిగేదెవరు?” అని మారుస్తున్నాను. బ్రిటన్ కమిటీకి పర్యవేక్షణ, మన కమిటీకి సమీక్ష. చివర్లో మన దేశంలో కావలసిన చట్ట సవరణల గురించి రాస్తాను.

మలక్‌పేట నుంచి:
అక్కడ “సవరణ” తీసేయండి. మన దేశంలోపలి గూఢచార సంస్థ ఐబీ 1887 నాటిది, విదేశీ వ్యవహారాల గూఢచార సంస్థ ‘రా’ 1968లో వచ్చింది. వాటిని నెలకొల్పి, అధికారాలకు హద్దులు గీసే పార్లమెంటు చట్టం నేటికీ లేదు. 2011లో ఎంపీ మనీశ్ తివారీ ప్రైవేటు సభ్యుడి బిల్లు (ప్రభుత్వం తరఫున కాక సొంతంగా పెట్టేది) పెట్టినా అది చట్టం కాలేదు. “చట్టం చేయాలి” అనే రాయండి.