సీ ఫాక్స్ బోటు మోడల్ చేస్తున్నాం, ముందు డెక్ దగ్గర ఆగిపోయాం. ఎవరైనా సాయం చేస్తారా?

అందరికీ నమస్కారం. మా అబ్బాయి, నేను కలిసి అమెరికా కోస్ట్ గార్డ్ పెట్రోల్ బోటు సీ ఫాక్స్‌ని చెక్కతో 1:72 స్కేలులో చేస్తున్నాం. వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్యాంగర్ నౌకాదళ స్థావరం నుంచి బయలుదేరే ఒహాయో తరగతి అణు సబ్‌మెరైన్లకు కాపలాగా వెళ్ళే బోటు ఇది. సబ్‌మెరైన్ నీటిపైన ఉన్నప్పుడు, అక్కడి ఇరుకైన సముద్రపు పాయ హుడ్ కెనాల్‌లో చటుక్కున తిరగలేదు, మునగలేదు. అందుకే చుట్టూ ఈ బోట్లు. 560 అడుగుల సబ్‌మెరైన్ పక్కన 87 అడుగుల బోటు! మా స్కేలులో బోటు 37 సెంటీమీటర్లు వస్తోంది, సబ్‌మెరైన్ చేస్తే దాదాపు రెండు మీటర్ల నలభై వస్తుంది. మా హాల్లో పట్టదు కాబట్టి బోటుతోనే సరిపెట్టుకున్నాం.

హల్ (బోటు ఒడలు) అయిపోయింది. చిన్న బోటును నీళ్ళలోకి జార్చే వెనక ర్యాంపు కూడా బాగానే కుదిరింది. చిక్కల్లా ముందు డెక్ దగ్గరే. మామూలు 87 అడుగుల బోట్ల ప్లాన్ దొరికింది. కానీ ఎస్కార్ట్ బోట్లకు ముందు భాగంలో రిమోట్‌తో నడిచే మెషిన్ గన్ అదనంగా ఉంటుంది కదా, అది ఆ ప్లాన్‌లో లేదు.

ఆ గన్ పీఠం వీల్‌హౌస్‌కి (బోటు నడిపే గదికి) ఎంత దూరంలో, ఎంత ఎత్తులో వస్తుంది? ఇలాంటిదే ఇంకో ఎస్కార్ట్ బోటు సీ డెవిల్‌కి కూడా అలాగే ఉంటుందా? ఇలాంటి మోడల్ చేసినవాళ్ళు దయచేసి చెప్పండి. పక్కనుంచి తీసిన ఫోటో ఒక్కటున్నా కొలతలు మేమే లెక్కేసుకుంటాం. అబ్బాయి రోజూ స్కూల్ నుంచి రాగానే "దొరికిందా నాన్నా?" అని అడుగుతున్నాడు.